నేరేడు కింద నారు

భీమదాసును గోతిలో దింపి మన్ను కప్పిన చేతులు ఇంకా కడుక్కోనైనా కడుక్కోలేదు, సూరిదాసు మనసులో ఒక మాట మెదిలింది. అయ్యగారి పక్కన మడుగులో నిలబడే చోటు ఖాళీ అయింది.

అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడ్డాడే గానీ అనుకోవడం మానలేదు. పోయినవాడు పోయాడు, వాడి చోటు ఎవరిది అని లోపల ఒక గొంతు అడుగుతూనే ఉంటుంది. రాజుల ఇళ్ళలోనే కాదు, సన్యాసుల పాకల్లో కూడా.

జలగలకోన అని కొండల నడుమ ఒక లోయ. నడివేసవిలో కూడా అక్కడ నేల తడి ఆరదు. చెట్ల కింద మిట్టమధ్యాహ్నం కూడా సందెవేళలా ఉంటుంది. ఆ లోయలో ఒక మఠం. మఠమంటే ఏ రాతి మండపమో అనుకునేరు. గడ్డి కప్పిన రెండు పాకలు, ఒక పొయ్యి, వెనకాల ఒక పెద్ద నేరేడు చెట్టు, అంతే. ఇప్పుడు వాటితోపాటు రెండు మట్టిదిబ్బలు. ఒకటి నిరుటి వానల్లో పోయిన గవరయ్యది, రెండోది ఇవాళ్టిది.

గురువుగారి అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. మడుగయ్య అనేవారు. తెల్లారకముందే వాగు మడుగులో మెడలోతున దిగి, తూరుపు ఎర్రబడేదాకా అలాగే నిలబడేవాడు. వానా చలీ ఆయనకు లెక్క లేదు. పూటకు కాదు, రోజుకు ఒక గుప్పెడు నానబెట్టిన సామలు తినేవాడు. బండరాతి మీద పడుకునేవాడు. చిన్నప్పటినుంచీ అదే అలవాటు కాబట్టి ఆ ముసలి ఒళ్ళు తుమ్మమొద్దులా గట్టిపడిపోయింది.

ఆయన ఎవర్నీ శిష్యుడిగా రమ్మని పిలవలేదు. మడుగులో దిగమని అసలే అనలేదు. కానీ గురువు చేసింది చెయ్యకపోతే వాడు శిష్యుడెలా అవుతాడు? గవరయ్య అలా అనుకునే దిగాడు. ముందు దగ్గు వచ్చింది, తరవాత జ్వరం, ఆ తరవాత నెత్తురు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని కింద పల్లెలో జనం అనుకున్నారు. భీమదాసు ఆ మాట విని నవ్వి, గవరయ్య నిలబడిన చోటే తనూ దిగాడు.

మడుగయ్య వాగు ఒడ్డున కూచుని పార కడుగుతున్నాడు. రెండు గోతులూ ఆయనే తవ్వాడు, ఎవర్నీ పార ముట్టుకోనివ్వలేదు. సూరిదాసు వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"అయ్యా, రేపట్నించి నేను దిగుతానండి."

"ఎక్కడికి?"

"మడుగులోకండి. భీమదాసు ఉన్న చోట్లో."

మడుగయ్య పార మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. మట్టి వదిలాక తలెత్తి చూశాడు.

"మీ ఊళ్ళో నువ్వేం చేసేవోడివిరా?"

"తమకి తెలిసిందే కదండీ. మొక్కలండి. నారు పొయ్యడం, అంటు కట్టడం, తోటలోళ్ళకి అమ్మడం. మా తాతల కాడ్నించీ అదే పని."

"రా."

నేరేడు చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పుడే కాపు అయిపోవచ్చింది. కింద నేలంతా పండ్లు రాలి చితికి ఊదారంగు బురద అయింది. అడుగేస్తే చాలు, పాదం కింద గింజలు తగులుతున్నాయి.

"ఈ చెట్టు కిందే ఒక్క మొక్క పెంచు. వానలు వెనకబట్టేలోగా జానెడు ఎత్తు రావాలి. ఇక్కణ్ణించి తీసి ఇంకోచోట పెట్టకూడదు. అది జానెడైన్నాడు మడుగులో దిగు. అందాకా ఒడ్డుకి కూడా రాకు."

సూరిదాసుకు నవ్వొచ్చినంత పనైంది. ఏ కొండ శిఖరం మీదో ఒంటికాలి మీద నిలబడమంటాడేమోనని భయపడ్డాడు. నారు పెంచమంటాడా! చేపపిల్లకు ఈత పరీక్ష పెట్టినట్టుంది.

"ఒక్కటేంటండీ, బుట్టెడు పెంచి చూపిస్తాను."

"ఒక్కటి చాలు," అన్నాడు మడుగయ్య.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మఠానికి వచ్చిన కొత్తలో సూరిదాసుకు ఈ అడవి అసలు నచ్చలేదు. వాళ్ళ వైపు మామిడితోటంటే అన్నీ మామిళ్ళే, వరసకు వరస, చూస్తే కడుపు నిండేది. ఇక్కడ ఒక నేరేడును చూశాక ఇంకో నేరేడు కనబడాలంటే వాగు దాటి గట్టెక్కాలి. నడుమ పొగడ, తాని, కుంకుడు, మద్ది, అతనికి పేరు తెలియనివి ఎన్నో. ఏ చెట్టు పక్కనా దాని జాతి చెట్టు లేదు. ఇన్ని రకాలెందుకండీ, దేవుడు గింజలన్నీ కలిపేసి గుప్పిళ్ళతో చల్లాడా అని ఒకసారి అడిగాడు. చూస్తా ఉండు, అన్నాడు మడుగయ్య. చూసేంత తీరిక సూరిదాసుకు ఎక్కడిది? అతని చూపంతా మడుగు మీదే ఉండేది.

వానలు దిగాయి. నేరేడు కింద మొలకలు గుప్పున లేచాయి. చాప పరిచినట్టు నారు. సూరిదాసు మురిసిపోయాడు. నీళ్ళు నిలవకుండా కాలవలు తీశాడు, బూడిద చల్లాడు, దుప్పులు మేయకుండా ముళ్ళకంప కట్టాడు. పొగడ మొక్కలూ, కుంకుడు మొక్కలూ, తాని మొక్కలూ అక్కడక్కడా లేస్తుంటే పీకి అవతల పారేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లాలుసాబు వచ్చాడు.

ఎక్కడో ఒక దర్గాలో ఉరుసుకని బయల్దేరిన ఫకీరు. భుజాన ఒక డప్పు, వీపున ఒక కంబళి. దారిలో జారిపడి మోకాలు గుమ్మడికాయలా వాచింది. మడుగయ్య ఆ మోకాలు చూసి, తన పాకలోనే ఒక మూల చూపించాడు. శిష్యులెవరికీ ఇవ్వని చోటు. సూరిదాసుకు లోపల భగ్గుమంది.

ఫకీరు ఏ వ్రతమూ పట్టలేదు. రెండు పూటలా వేడివేడి అంబలి కాచుకుని తాగేవాడు. పల్లెవాళ్ళు ఎండుచేప తెచ్చిస్తే కాల్చుకుని తినేవాడు. తెల్లారగట్ల మడుగయ్య పాకలోంచి బయటికి వెళ్తుంటే, తలుపు సందులోంచి చలిగాలి వస్తోందని కంబళి నెత్తిమీదికి లాక్కునేవాడు. పొద్దెక్కాక లేచి, తన నమాజు తాను చేసుకుని, పొయ్యి రాజేసేవాడు. ఆ పాకలో పడుకుని వాడు రోజురోజుకీ నున్నబడుతున్నాడు.

"అయ్యగారి పాకలో పడుకుంటావు, ఆయనతో పాటు లేవాలని అనిపించదా నీకు?" అని సూరిదాసు ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"ఎందుకు లెగాలి భాయ్? ఆయన నన్ను లేపలేదు గదా."

"గురువు విలువ తెలిస్తే లేస్తావు."

"నా గురువు నాకున్నాడు," అని లాలుసాబు అంబలి ఊదుకున్నాడు. "ఆయన దారి ఆయనది. ఆయన చాలా పెద్దాయన, ఒప్పుకుంటా. ఆయన చెప్పులు నాకు పట్టవు, అదీ ఒప్పుకుంటా."

సూరిదాసు చీదరించుకుని లేచిపోయాడు. ఆ వెళ్ళడం నేరేడు కిందికి వెళ్ళాడు. అక్కడ చూస్తే నారు సగం వాలిపోయి ఉంది.

ముందు పురుగు. నేరేడు కొమ్మల మీంచి సన్నటి దారాలు పట్టుకుని పచ్చటి పురుగులు దిగుతున్నాయి. లేత ఆకులన్నీ ఈనెలు మిగిల్చి తినేశాయి. సూరిదాసు కూచుని ఒక్కొక్క పురుగునే ఏరి నలిపాడు. పురుగు పోతే తెగులు. నిన్న నిలబడిన మొక్క ఇవాళ మొదలు దగ్గర మెత్తబడి పడిపోయేది. నారుకుళ్ళు. చిన్నప్పటినుంచీ ఎరిగిన పీడే. వాళ్ళింట్లో దానికి చెయ్యని వైద్యం లేదు. ఆ వైద్యాలన్నీ చేశాడు. నేల గుల్ల చేశాడు, బూడిద పోశాడు, వేపాకు కషాయం పోశాడు. మొక్కలు చస్తూనే ఉన్నాయి.

అతనికి ఒళ్ళు మండించిన సంగతి ఇంకొకటుంది. పీకి పారేసిన పొగడలూ కుంకుళ్ళూ మళ్ళీ లేచాయి. అదే నేల, అదే నీడ, అదే వాన. వాటికి ఒక్క ఆకు చిల్లి పడలేదు. పోనీ కాస్త అవతల తాని చెట్టు కింద ఎలా ఉందోనని వెళ్ళి చూశాడు. తాని పిల్లలన్నీ కుళ్ళి పడున్నాయి. వాటి మధ్య, ఏ పిట్ట ఉమ్మేసి పోయిందో, ఒక నేరేడు మొక్క మోకాలెత్తున నవనవలాడుతోంది. ఎవరూ నీళ్ళు పోసింది లేదు, కంప కట్టింది లేదు. దాన్ని చూసి సంతోషించాల్సింది పోయి, సూరిదాసు కోపంతో కాలెత్తాడు. ఎందుకో తన్నలేకపోయాడు. అక్కడే చతికిలబడి కాసేపు ఏడ్చాడు.

అప్పటికే అతను మాట తప్పి చాలా రోజులైంది. మడుగయ్య నిలబడే చోటికి కింద, వాగు మలుపు తిరిగిన చోట ఇంకో గుంట ఉంది. తెల్లారగట్ల అక్కడ దిగుతున్నాడు. సామలు నానబెట్టుకుని గుప్పెడే తింటున్నాడు. మొక్క రేపో మాపో జానెడవుతుంది, అందాకా ఒంటికి అలవాటు చేసుకుంటే తప్పేంటని అనుకున్నాడు. దగ్గు వచ్చింది. పల్లెలో అందరికీ ఉన్న దగ్గే అనుకున్నాడు. గవరయ్యా అలాగే అనుకున్నాడు, భీమదాసూ అలాగే అనుకున్నాడు. పక్కవాడికి వస్తే రోగం, మనకు వస్తే పడిశం!

వానలు తగ్గుముఖం పట్టేసరికి నేరేడు కింద ఒకే ఒక్క మొక్క మిగిలింది. రాగిరంగు చిగురు వేసి నిటారుగా నిలబడింది. సూరిదాసు ప్రాణమంతా దాని మీద పెట్టుకున్నాడు.

ఒక వేకువన గుంటలో అతని కాళ్ళు తిమ్మిరెక్కాయి. గట్టుకు రాబోయి జారాడు. దగ్గు తెర పట్టుకుని ఊపిరి అందలేదు, నీళ్ళు నోట్లోకి పోయాయి. నీళ్ళకని కుంటుకుంటూ వచ్చిన లాలుసాబు చూసి, డొక్కు మోకాలితోనే దిగి, జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చాడు. పొయ్యి దగ్గర పడుకోబెట్టి కంబళి కప్పాడు. అంబలి కాచి నోటికి అందించాడు.

"వద్దు. నేను ఒక్క పూటే..." అన్నాడు సూరిదాసు.

"నీ గురువు తినొద్దన్నాడా?"

సూరిదాసు కంబళి అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నీటిలో దిగమన్నాడా?"

లాలుసాబు గిన్నె మూతికి ఆనించి బలవంతాన పోశాడు. ఆ వేడి గొంతు దిగుతుంటే సూరిదాసు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దగ్గి, అరచెయ్యి చూసుకుని, గబుక్కున కంబళికి తుడిచేశాడు. ఎర్రటి చారిక. తల తిప్పితే గుమ్మంలో మడుగయ్య నిలబడి ఉన్నాడు. తడిబట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన కంబళి వంకే చూస్తున్నాడు.

తిడతాడనుకున్నాడు. తిట్టలేదు.

"మొక్కేదిరా?" అని అడిగాడు.

సూరిదాసు గభాల్న లేచి కూచున్నాడు. "ఉందండి! ఒకటుందండి అయ్యా. జానెడుకి వేలెడే తక్కువండి. కొత్త చిగురు కూడా వేసింది."

"చూపించు."

లాలుసాబు పట్టుకోబోతే వద్దని, కంబళి కప్పుకుని తూలుకుంటూ నడిచాడు. సన్నగా జల్లు పడుతోంది. నేరేడు కింద మాత్రం చుక్క పడటం లేదు. ముళ్ళకంప తొలగించి, ఎత్తుకున్న పిల్లను చూపించినట్టు మొక్కను చూపించాడు.

మడుగయ్య దాని ముందు గొంతుకూచున్నాడు. చిగురును ఒకసారి నిమిరాడు. రెండు వేళ్ళతో మొదలు పట్టుకుని పైకి లాగాడు.

"అయ్యా!" అని కేక పెట్టాడు సూరిదాసు.

మొక్క ఏ పెనుగులాటా లేకుండా, వెన్నలో గుచ్చిన పుల్లలా వచ్చేసింది. మడుగయ్య దాన్ని సూరిదాసు అరచేతిలో పెట్టాడు. పైన చిగురు తళతళలాడుతోంది. మన్ను తాకే చోట కాండం చుట్టూ నల్లటి గీత. వేరు గోధుమరంగు ముద్దయి, ముట్టుకుంటే తోలు ఊడి వస్తోంది. ఆ కుళ్ళు వాసన అతనికి పుట్టినప్పట్నుంచీ తెలుసు.

"పైకి బానే ఉందండి," అన్నాడు.

"భీమదాసు పోయే ముందురోజు పాటలు పాడాడు."

సూరిదాసు తలెత్తి చూశాడు. నేరేడు ఆకుల నిండా చిల్లులే. కొమ్మకొమ్మకూ పురుగులు వేలాడుతున్నాయి. మొదలు దగ్గర బెరడు పగుళ్ళలో ఆ నల్ల కుళ్ళే. అయినా చెట్టు ఆకాశమంత ఎత్తున ఏమీ పట్టనట్టు నిలబడి ఉంది.

"దీనికేం కాదాండి?"

"ఏం కాదు. ముసల్ది. దానికన్నీ అలవాటే."

సూరిదాసు మళ్ళీ దగ్గాడు. ఈసారి చెయ్యి దాచలేదు.

"అయ్యా, ఎలాగూ మొదలైంది కదండీ. నన్ను మీ దగ్గరే పోనివ్వండి. గవరయ్య పక్కన."

మడుగయ్య లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు హెచ్చించగా సూరిదాసు ఎన్నడూ వినలేదు.

"ఎవడు తవ్వుతాడ్రా? ఇద్దరికి తవ్వాను. ఈ చేతులు చూడు. మూడోది నేను తవ్వను. నక్కలకి వదిలేస్తాను!"

ఆ చేతులు వణుకుతున్నాయి. మెడలోతు నీళ్ళలో ఎప్పుడూ వణకని చేతులు. సూరిదాసుకు అప్పుడు భయమేసింది, చావంటే కాదు, ఆయన ఏడుస్తాడేమోనని.

"మరి... మీ తరవాత ఈ చోటు?"

అవతల పొయ్యి దగ్గర లాలుసాబు పొగలో కళ్ళు నులుముకుంటున్నాడు. ఇవతల, ముళ్ళకంప వెనకాల, ఎన్నిసార్లు పీకినా చావని పొగడ మొక్క వానగాలికి ఊగుతోంది. మడుగయ్య దేన్నీ చూపించలేదు.

"ఎవడో ఒకడు లెగుస్తాడు. నావోడు కాడు."

"నన్నెక్కడికి వెళ్ళమంటారండి?"

"నన్నెరగనోళ్ళ మధ్యకి. వేడి వేడిగా తిను. పొడిచోట పడుకో. నా పేరు చెప్పకు."

సూరిదాసు కుళ్ళిన మొక్కను కింద పెట్టి, పాదాలు అందుకోబోయాడు. మడుగయ్య పాదాలు వెనక్కి తీసుకున్నాడు.

"దూరం జరిగి దణ్ణం పెట్టు."

రెండడుగులు వెనక్కి వేసి చేతులెత్తాడు.

"ఇంకా."

ఇంకొంచెం జరిగాడు.

"ఇంకా."

నేరేడు కొమ్మల అంచు దాటాడు. వాన నెత్తిన పడింది. ఇక చాలంటాడేమోనని ఆగాడు.

"ఇంకా," అన్నాడు మడుగయ్య.

చేతులు జోడించుకునే, మొహం ఆయన వైపే పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచాడు. తాని చెట్టు దాటాడు. పొగడ చెట్టు అడ్డం వచ్చింది. ముందు ఆయన కాళ్ళు కనబడకుండా పోయాయి, తరవాత మొహం. వానలోంచి ఆ మాట మాత్రం వినబడుతూనే ఉంది. అది కూడా వినబడని చోట సూరిదాసు నిలబడ్డాడు. చెవులు రిక్కించుకుని చాలాసేపు నిలబడ్డాడు.

చాలు అని ఎవరూ అనలేదు.

జోడించిన చేతులు విప్పి, కంబళి గట్టిగా చుట్టుకుని, అతను అటు తిరిగాడు.